తొమ్మిదో గడి

కాకినాడ పోర్టు రోడ్డులో మేడ మీద గది.
కస్టమ్స్ ఏజెంటు దగ్గర పదిహేడేళ్ళుగా
గడులు నింపడం నా పని.
నూకలు, ఉప్పుడు బియ్యం, రొయ్యల మేత,
ఒకసారి సర్కస్ వాళ్ళ ముసలి ఒంటె.
దేనికైనా ఒకటే వరుస:
సరుకు పేరు, తూకం, విలువ, చేరే రేవు.

ఆ వారం వచ్చిన కాగితాల్లో
రకం దగ్గర ‘మిగులు’ అని ఉంది.
పాత రైఫిళ్ళు, నాలుగు వేల రెండొందలు.
స్థితి: వాడదగినవి.
కారణం: అవసరానికి మించి ఉన్నవి.
ఢిల్లీ నుంచి లైసెన్సు, మూడు సంతకాలు, నీలి ముద్ర:
అభ్యంతరం లేదు.

ఎవరికి లేదో రాయలేదు.

మిగులంటే ఎరగనివాణ్ణి కాను.
మాది గౌతమి నడుమ లంక.
రాత్రి మిగిలిన అన్నం మా అమ్మ
వాసన చూసి గాని
పొద్దున్న ఎవరి కంచంలోనూ వేసేది కాదు.
ధవళేశ్వరం దగ్గర మిగులు నీళ్ళు వదిలితే
మొదటి హెచ్చరిక, రెండోది, మూడోది.
టముకు వేసే గరికిన పెంటయ్య
మోకాలి లోతు నీళ్ళలో నిలబడి
‘గొడ్లు విప్పండహో, గట్టెక్కండహో’ అని
గొంతు పోయేదాకా అరిచేవాడు.
ఎనభై ఆరులో మా పెయ్యదూడ మిగల్లేదు గాని
మేం మిగిలాం.
ఎగువోడు తలుపెత్తితే
దిగువోడికి కబురు చెయ్యాలి.
ఏ చట్టంలో ఉందో తెలీదు, మాకు అదే తెలుసు.

కాగితాలన్నీ రెండుసార్లు తిరగేశాను.
దిగువకి కబురు చేసే గడి
ఏ పేజీలోనూ లేదు.

తొమ్మిదో గడి ఒకటుంది:
అంతిమ వినియోగదారు.
రక్షణ శాఖ, ఫలానా ప్రభుత్వం, అని కొట్టాను.
ఆ దేశం పేరు పలకడం నాకు రాదు,
స్పెల్లింగ్ మాత్రం తప్పు పోదు.

టీ గ్లాసు పట్టుకుని బార్జీ సరంగు ఓలేటి లోవరాజు
నా భుజం మీంచి తెర చూస్తూ,
‘ఆఖర్న వాడేదెవరండీ?
పేల్చేవోడా, తగిలేవోడా?’ అన్నాడు.
నవ్వుతూనే అడిగాడు.
‘సంతకం పెట్టి బయల్దేరు, పోటు తీసేస్తుంది’ అన్నాన్నేను.

పోటు మీద బార్జీ కదిలింది.
అడుగున నూకల బస్తాలు,
పైన టార్పాలిన్ కప్పిన పెట్టెలు.
ఎండకి టార్పాలిన్ వాసన, దాని మీద
తాపీగా ముక్కు రుద్దుకుంటూ ఒక కాకి.
నా కమిషన్ లెక్క చూసుకున్నాను.
పిల్ల ఫీజుకి సరిపోయింది.
కొంచెం మిగిలింది కూడా.

ఓడ ఇంకా నీళ్ళ మీద ఉండగానే
అక్కడ ప్రభుత్వం కూలిందని
పేపర్లో లోపలి పేజీలో మూడు లైన్లు,
బంగారం ధర పక్కన.
తొమ్మిదో గడి దిద్దాలా అని మా ఏజెంటు గారిని అడిగాను.
‘ఇచ్చింది ఢిల్లీ. మోసేది ఓడ.
మధ్యలో నీకేంటయ్యా, మూర్తీ?’
నిజమే, దిద్దడానికి ఫారం కూడా లేదు.

రెండు నెలలకి అదే రేవు నుంచి ఉత్తరం:
నూకల ఆర్డరు రద్దు.
పన్నెండు వేల బస్తాలు.
కారణం: కొనేవారు లేరు.
బస్తాలు ఇంకా గోడౌన్లోనే ఉన్నాయి,
ముక్కపురుగు పట్టి.

కూలి తగ్గిందేమని అడగడానికొచ్చిన లోవరాజు
ఉత్తరం తెలుగులో చెప్పమన్నాడు.
వాళ్ళకి నూకలు అక్కర్లేదట, అన్నాను.
‘అక్కర్లేదా,
చెల్లిపోయాయా?’

ఈసారి నవ్వలేదు.

అతను మెట్లు దిగిపోయాక
కొత్త ఫారం తెరిచి
గడులు లెక్కపెడుతూ కూర్చున్నాను.
ఎనిమిది దాకా వచ్చి
మళ్ళీ ఒకటి నుంచి.