రెండు వేళ్ల దూది

టెషీ ఒడ్డున నాది శవపేటికల కొట్టు.
పడవ నడిపినవాడికి పడవ,
కోకో పండించినవాడికి కోకో కాయ,
మొన్న ఉల్లిపాయలమ్మే ముసలమ్మకి
పొర పొరా కనిపించే ఉల్లిపాయ.
మా దగ్గర మనిషి తన పనిలోనే పడుకుని వెళ్తాడు.

మంగళవారం, వలలు నీళ్లలోకి దిగని రోజు,
ఒక కుర్రాడొచ్చాడు.
"మా పెదతాత. మామూలు పెట్టె చాలు.
అయిదడుగుల అయిదంగుళాలు. చవక చెక్క. రేపటికి."
చీటీలో రాసుకుందామని పేరడిగాను.
ఒక్పోటి లార్యా, అన్నాడు.
పెన్సిలు కాగితం మీదే ఆగిపోయింది.

ఏం చేసేవాడు? అడిగాను, తెలిసే.
"రేవులో గోడౌనుకి రాత్రి కాపలా."
ఇంకా?
"ఇంకేముంది?"

ఇంకేముందంటే, బాబూ,
బూకమ్ సందుల్లో, తాటిదుంగలకి తాళ్లు కట్టిన రింగు,
నాలుగు పెట్రోమాక్స్ లైట్లు, వాటి నిండా ఉసిళ్లు.
నాకప్పుడు తొమ్మిదేళ్లు. నీళ్ల బకెట్ నాది.
లాగోస్ నుంచి ఓడ దిగిన ఛాంపియన్
పది రౌండ్లు మీ తాత దవడ మీద కొట్టాడు.
తల కదల్లేదు.
ఆ మెడ రింగులో తయారైంది కాదు.
బర్మాలో, కలదాన్ నది వెంట,
కంచరగాడిద కూడా మొరాయించే కొండదారిలో
మోర్టారు గుండ్ల పెట్టె మోస్తూ
వానాకాలమంతా నడిచిన మెడ.
"నెత్తి నాది, బరువు రాజుగారిది" అనేవాడు.

ఎడమచేతి చిటికెనవేలూ ఉంగరపువేలూ
ఆ నది దగ్గరే ఉండిపోయాయి.
ఎలా పోయాయంటే ఒక్కోసారి ఒక్కోటి చెప్పేవాడు:
గుండు ముక్క. మొసలి.
ఆకలేసి నేనే తినేశాను.

నా అసలు పని బకెట్ కాదు.
గ్లవ్ తొడిగే ముందు, గుడ్డ చాటున,
ఆ రెండు వేళ్ల చోట బూరుగు దూది కూరడం.
"గట్టిగా వద్దు, రాయవుతుంది.
వదులుగా వద్దు, జారుతుంది.
ఎవరికీ చెప్పకు. జాలిపడేవాడితో కొట్లాడలేం."
పింఛను కావాలంటే చెయ్యి చూపించాలి.
చూపిస్తే రింగు పోతుంది.
చూపించలేదు.
ఎన్నో ఏళ్లకి, మోకాళ్లు పోయాక, వెళ్లి చూపిస్తే
గడువు దాటిందన్నారు.

పదకొండో రౌండులో ఆ ఎడమచెయ్యే తగిలింది.
లాగోస్‌వాడు కింద పడలేదు,
వెనక ఎవరో కుర్చీ వేశారనుకున్నట్టు
నెమ్మదిగా కూర్చున్నాడు.
కూర్చునే ఉన్నాడు, పది లెక్కపెట్టేదాకా.

ఇదంతా కుర్రాడికి చెప్పానా?
లేదు. వాడి చేతిలో నలిగిన నోట్లు చూశాను.
గ్లవ్ ఆకారంలో చేస్తాను, ఊరికే చేస్తాను, అన్నాను.
"రేపు మధ్యాహ్నానికే పూడ్చాలి" అన్నాడు.
గ్లవ్‌కి పది రోజులు పడుతుంది.
బొటనవేలి వంపుకే మూడు.

పెట్టె చేశాను. నాలుగు పలకలు, ఒక అడుగు, ఒక మూత.
రాత్రంతా చిత్రిక పట్టాను, ఎవరూ తడమని లోపలివైపు కూడా.

పొద్దున ఆడవాళ్లు అతనికి తెల్ల దుస్తులు వేసి
చేతులకి తెల్ల తొడుగులు తొడిగారు.
ఎడమ తొడుగులో రెండు వేళ్లు
చప్పగా, చచ్చిన చేపపిల్లల్లా పడున్నాయి.
కుర్రాడు వాటినే చూస్తున్నాడు.
ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉన్నాడు,
ఇప్పుడు చూస్తున్నాడు.

కొట్టులోకి వెళ్లి
పనివాడి తలగడ కుట్టు విప్పాను.
రెండు చిటికెల దూది.
గట్టిగా కాదు. వదులుగా కాదు.

"ఏంటది?" అన్నాడు.

మణికట్టు పట్టుకో, కదలకుండా, అన్నాను.
పట్టుకున్నాడు.