మసి అచ్చు

బ్రాడీపేటలో జిరాక్సు షాపు మీద రేకుల గది.
అరవై మంది. రెండు ఫ్యాన్లు, ఒకటి తిరగదు.
బోర్డు మీద రాశాను: చీకటి యుగం, రెండు మార్కులు.
ఇరవై రెండేళ్ళ పాఠం, నిద్రలో లేపినా చెబుతాను:
ఆధారాలు తక్కువ. రాజ్యాలు చిన్నవి.
ఓడలు రావడం మానేశాయి. బంగారు నాణెం దొరకలేదు.
అందుకని చీకటి. రాసుకోండి.

వెనక బెంచీలో పాలపర్తి సలోమి పెన్ను ఆపింది.
"ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నదేనా సార్?"
ఎవరో నవ్వారు.
"మా వాడకీ ఊళ్ళోవాళ్ళే పెట్టారు పేరు,
మేం అడ్రసులో రాయం" అంది,
మళ్ళీ తల వంచుకుని రాసుకుంది.

ఆ వారమంతా గొంతులో చేపముల్లు.

నిజానికి ఆ మాట మనది కాదు.
ఎక్కడో, తన పాత నగరం కూలిందని దిగులుపడ్డ ఒకాయన
వెనకటి వందల ఏళ్ళని ఒక్క ఊపున చీకటి అన్నాడట.
తర్వాత వచ్చినవాళ్ళకి భలే పనికొచ్చింది.
వెనక ఉన్నది రాత్రయితేనే కదా
తాము తెల్లవారినట్టు!
అది ఓడెక్కి వచ్చి మన పాఠాల్లో దిగింది.
ఈ రాళ్ళ ఒంటికి సరిపోతుందా అని
కొలత తీసిన దర్జీ లేడు.

ఆదివారం పాత గుంటూరు వెళ్ళాను, కాలేషా దగ్గరికి.
శాసనాల శాఖలో ముప్ఫై ఏళ్ళు అచ్చులు తీసిన చేతులు,
గోళ్ళ మొదళ్ళలో ఇంకా పోని నలుపు.
"ముందు రాయికి స్నానం బాబూ.
పేడ, సున్నం, ఎవరో పూసిన పసుపు, అన్నీ కడగాలి.
తడి కాయితం పరిచి బ్రష్షుతో కొట్టాలి,
పసిపిల్ల వీపు తట్టినట్టు, అదే పనిగా.
అక్షరం గుంటలోకి కాయితం దిగుతుంది.
అప్పుడు మసి అద్దాలి.
గుంటకి మసి అందదు. అక్షరం తెల్లగా మిగుల్తుంది."
టీ గ్లాసు కింద పెట్టాడు.
"నలుపు మేం పూసిందే. రాయికి ఏ పాపం తెలీదు."

ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక అచ్చు తీశాడు, మడతల్లో చిరిగింది.
ఒక చిన్న రాజు. పల్లెవెలుగు బస్సెక్కితే
రెండు గంటల్లో దాటిపోయే రాజ్యం.
ఒక పండితుడికి ఇచ్చిన పొలం, దాని హద్దులు:
తూర్పున పుట్ట. దక్షిణాన మూడు చింతలు.
పడమట వాగు.
ఉత్తరాన కుమ్మరి పొలం.
చివర, ఆచంద్రార్కం.

చీకటివాళ్ళమని తెలీదు పాపం,
సూర్యుణ్ణి పిలిచి సాక్షి సంతకం పెట్టించారు.

తిరిగొస్తూ ఆటోలో వాళ్ళ ధ్యాసే.
బంగారం మెరవలేదు, నిజమే.
ఓడలు రాని ఏడాది కూడా కొర్రలు పండే ఉంటాయి,
పుట్టలో ఎవరో పాలు పోసే ఉంటారు,
వాగు దారి మారినప్పుడల్లా
అన్నదమ్ములు కొట్టుకునే ఉంటారు.
మిరపకాయ ఇంకా సముద్రం దాటలేదు,
ఈ నేల మీద జనం
మిరియాల ఘాటుకే కళ్ళు తుడుచుకున్నారు.

సోమవారం. పరీక్ష కీ మారదు కాబట్టి నోట్సు మార్చలేదు.
పిరికితనమే అనుకోండి.
కాలేషా ఇచ్చిన కాయితం మాత్రం కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను.
నలుపులోంచి తెల్లటి అక్షరాలు,
మసి పలచబడ్డ చోట అవతలి పగలు.
హద్దులు చదివి వినిపించాను.
సలోమి దగ్గరికొచ్చి వేలు పెట్టింది:
"రాజు పేరుంది. పొలం తీసుకున్నాయన పేరుంది,
ఆయన తాత పేరుంది, గోత్రం ఉంది.
కుమ్మరి పేరేది సార్?"

దానికి నా దగ్గర రెండు మార్కుల జవాబు కూడా లేదు.
కింద మిర్చి టిక్కీల లారీ ఏదో పోయింది.
అరవై మందీ, నేనూ,
ఒకేసారి దగ్గాం.