నీరు పల్లమెరుగు

ములగలమెరక కమ్యూనిటీ హాల్లో
మూడు రోజుల శిక్షణ.
మొదటి రోజు పొద్దున్నే కరెంటు పోయింది.
నేను తెచ్చిన బొమ్మలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉండిపోయాయి.
టీ వచ్చింది, నలభై మంది జనం వచ్చారు,
నా దగ్గరే ఏమీ లేదు.

"పోనీ, మీ ఊరు గీయండి" అన్నాను,
రెండు కేజీల బియ్యప్పిండి గచ్చు మీద పెట్టి.

మగాళ్లు రోడ్డుతో మొదలెట్టారు:
సొసైటీ గోడౌను, పంచాయతీ, రైసుమిల్లు,
ఎవరి డాబా ఎన్ని అంతస్తులో కూడా.
ఆడవాళ్లు కుళాయిలతో మొదలెట్టారు,
ఏ వీధికి ఎన్నింటికి నీళ్లొస్తాయో
చుక్కలు పెట్టి మరీ.
కాలవకి పసుపు.
రొయ్యల చెరువులకి ఇటుకపొడి.
ఇటుకపొడి చాల్లేదు.
కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడు గుమ్మం బయట, చెప్పుల పక్కన,
బాతులు మేపే నేలపూడి సువార్తమ్మ అడిగింది:
"మా పేట ఏదండీ ఇందులో?"

గచ్చు అయిపోయింది.
పేటని గుమ్మం దాటించి
మెట్టు మీద గీయాల్సి వచ్చింది.

లోపలికి రమ్మంటే "కాళ్లకి బురదండీ" అంది.
రమ్మన్నాం. వచ్చింది.
ఆ బురద కాళ్లతోనే ఊరి మీద నడిచింది,
గోడౌను తొక్కి, చెరువులు దాటి,
మురుగుకోడు వెంట.
"ఇక్కడ ఆగిపోద్దండీ నీరు. తూము పూడిపోయింది.
మూడేళ్లయింది నా బాతులు ఇక్కడ ఈదడం మానేసి,
గుర్రపుడెక్క మీద నడుత్తున్నాయి.
వానొత్తే నీరు ఎనక్కి తిరిగి
ముందు మా ఇళ్లలోకి, తర్వాత మీ చేలల్లోకి."

రిటైరైన లస్కరు గుబ్బల పల్లాలరావు
మోకాళ్ల మీద కూచుని చాలాసేపు చూశాడు.
"ముప్పైరెండేళ్లు లాకు తలుపులు ఎత్తాను, దింపాను.
వచ్చే నీరే చూశాను గానీ
పోయే నీరు చూళ్లేదమ్మా."

రెండో రోజు హాలు తాళం ఎవరూ తియ్యలేదు.
కోడు గట్టు మీద కొడవళ్లు, మోకులు, కొబ్బరిబొండాలు.
సొసైటీ సెక్రటరీ ప్యాంటు మడిచి దిగాడు,
జలగ పట్టింది, ఊరంతా నవ్వింది.
చెరువుల ఆసామి బండి మీద వచ్చి చూశాడు.
జేసీబీ పంపుతానన్నాడు.
ఇంకా పంపలేదు.

తూము మధ్యాన్నం మూడింటికి కనబడింది,
నోట్లో ఎవరిదో పాత పరుపు.

మూడో రోజు సర్టిఫికెట్లు.
"నేర్పినవారు" అన్న చోట నా పేరు
ముందే అచ్చేసి ఉంది.
సువార్తమ్మ వేలిముద్ర వెయ్యబోయి ఆగి,
"పేరు రాత్తానండీ" అని
ఆరు నిమిషాలు తీసుకుంది.
భోజనాలు చల్లారాయి.

పటం చెరపొద్దన్నారు. చెరపలేదు.
కానీ చీమలు ఊరుకుంటాయా?
అప్పటికే రైసుమిల్లు సగం మోసుకుపోయాయి,
పంచాయతీకి పైకప్పు లేదు.
మెట్టు మీది పేట కూడా అరిగిపోయింది.

నేను బస్సుకి బయల్దేరేసరికి
ఆవిడ అక్కడే వంగి ఉంది,
గుప్పెట్లో పిండి.
మళ్లీ గీస్తోంది,
ఈసారి కొంచెం పెద్దగా.