ముడుపు

మాయమ్మ కట్టిన ముడుపది.
పసుపుగుడ్డలో ఇరవై పైసల బిళ్ళ,
ఇత్తడిది, తామరపువ్వుది.
ఆరోయేట నాకు టైఫాయిడ్ వొస్తే
కొండదిక్కు తిరిగి కట్టి, బియ్యం డబ్బాలో దాచింది.
జొరం తగ్గింది. కొండకు మాత్రం పోలేదు.
చార్జీలకు ఎప్పుడూ రూపాయి తక్కువే.

అప్పుడు సామంటే నాకు ఒక దీపం.
కొర్లగుంటలో మిద్దెక్కి చూస్తే
చీకట్లో గాలిగోపురం కాడ వెలిగేది.
రేపు లెక్కలయ్యవారు రాకూడదని
దానికి చెప్పి పండుకునేవాణ్ణి.
ఒకోసారి రాలేదు కూడా.

ఇరవయ్యేండ్లకు అది కరెంటు దీపమని తెలిసింది.
టీకొట్టు ముందర కరపత్రాలు పంచొచ్చి
"ఆ డబ్బాలో ఏముందమ్మా, పురుగులు" అన్నాను.
మాయమ్మ మూత పెట్టి
"అన్నం తింటావా" అనింది.

ఉద్యోగం చూస్తే కొండబస్సు మీద పడింది.
దినానికి మూడు ట్రిప్పులు, ఇరవైతొమ్మిదేండ్లు.
మలుపుమలుపుకీ ఎనకాల గోవిందా అంటారు,
నేను బ్రేకు తొక్కతా.
ఒక కార్తీకంలో మంచు కమ్మి
అద్దం ముందర దోవే లేనప్పుడు
నా నోట్లోంచీ వొచ్చేసింది ఆ మాట.
ఎవరన్నా వినుంటారని
హారన్ కొట్టినాను, గట్టిగా.

అంతమందిని మోసి
నేను లోపలికి పొయ్యింది రెండే సార్లు.
రెండోసారి చెంగమ్మ రుయాలో ఉండంగా,
కాకీ బట్టల్తోనే, లైన్లో పదకొండు గంటలు.
ఏమడగాలో దోవంతా వల్లించుకున్నాను.
ఎదురుగా పొయ్యేసరికి "జరగండి జరగండి".
అడగలా.
చేతిలో లడ్డు ఉండాది, నేను బయట ఉండాను.
ఆ శుక్రవారం చెంగమ్మ పొయ్యింది.

నాలుగేండ్లు ఆయనతో మాట్లాడలా.
మాట్లాడకుండా ఉండాలన్నా
అవతల ఒకరుండాల గదా.
ఆ సంగతి అప్పుడు తట్టలా.

ఇప్పుడు షుగరు. నడవమన్నాడు డాక్టరు.
తెల్లారి అలిపిరి దాకా పోతా,
మొదటి మెట్టు కాడ చెప్పులు ఇడిచి
రవంతసేపు నిలబడి, మళ్ళా తొడుక్కొని వొస్తా.
ఎందుకని మనవరాలు అడిగితే
కాళ్ళకు సల్లగా ఉంటుందన్నా.

మొన్న డబ్బా కడగతా ముడుపు ఇప్పినాను.
బిళ్ళ చెల్లదు. తామరపువ్వు సగం అరిగిపొయ్యింది.
గుడ్డంతా తెల్లబడినా
ముడి లోపలి మడతలో
పసుపు అట్లనే ఉండాది, నిన్న అద్దినట్ల.

మళ్ళా కట్టినాను.
కిటికీ దిక్కు తిరిగే కట్టినాను.
అందులోంచి కొండ కనపడి ఎన్నేండ్లయిందో,
ఎదురుగా అపార్ట్‌మెంట్ లేచినాక.
మూడో అంతస్తులో ఎవరో
లైటేసుకున్నారు.