లాకు

"నీ ఇష్టం" అన్నావు.
నా ఇష్టప్రకారమే చేశాను.
అక్కడే మొదలైంది నూకరత్నం, ఈసారి కూడా.

"ఏం లేదు" అంటే ఏం లేదనే అనుకున్నాను.
గిన్నెల చప్పుడు పెరిగింది.
ఆ చప్పుడు నా పళ్ళలోకి దిగుతుంది.
అది చెప్పడానికి మాట దొరికేలోపు
నా కాళ్ళు కాలవగట్టు మీదుంటాయి.
నువ్వు వెనకే వచ్చి "మాట్లాడు" అంటావు,
నేనింకా ముందుకి నడుస్తాను.
పదకొండేళ్ళు. ఇదే గట్టు.

లొల్ల లాకుల దగ్గర లస్కరుని నేను.
పైన నీళ్ళు ఎక్కువ, కింద తక్కువ.
పదిమంది తోసినా తలుపు కదలదు.
చిన్న తూము తీసి కూర్చోవాలి
రెండు మట్టాలూ ఒకటయ్యేదాకా.
ఆ తర్వాత ఒక్క మనిషి చాలు.
ఏ నీటిది తప్పో రాసే గడి
మా రిజిస్టర్లో లేదు.

ఇదంతా కాగితం మీద రాసిచ్చాను,
నోటితో చెబితే దారి తప్పుతుందని.
చదివి, "నేను పై నీళ్ళా, కింద నీళ్ళా?" అన్నావు.
రోజుని బట్టి, అన్నాను.
నవ్వావు. ఎందుకో తెలీలేదు.

ఈ రాత్రి కుక్కరు నాలుగో కూత.
కిటికీలో గ్లాసు బోర్లించి వెళ్ళాను:
ఇరవై నిమిషాలు, అని.
నువ్వు వెనక రాలేదు.
పద్దెనిమిదికే తిరిగొచ్చాను.

గ్లాసు నిలబెట్టి ఉంది, సగానికి మజ్జిగ.
"ఏం లేదు" అనలేదు నువ్వు.
"కోపంగా ఉంది, కొంచెం" అన్నావు.
కొంచెం అంటే ఎంత, అనడిగాను.
నిజంగానే అడిగాను.
గ్లాసు మీద వేలు పెట్టి
ఇంత, అని చూపించావు.