కొసరు

ఓబన్ రేవులో వాన పట్టుకుని మూడో రోజు.
ఓడ తాళ్లు లాగి లాగి బిరుసెక్కిన చేతులతో
మాస్కు ముఖానికి అదుముకుని,
ముక్కుతో గాలి లోపలికి పీల్చి, చేతులు వదిలేశాను.
పడలేదు.
"అదే నీది," అంది ఎల్స్‌పెత్.
"పక్కనున్నది ఖరీదెక్కువ, నీ బుగ్గల మీద నిలవదు."

ఆ రోజుకి నాదే బోణీ.
ఫిన్స్ అడిగితే, మీ మామవి ఉన్నాయిగా,
పట్టీలు మార్చుకో చాలు, అంది.
పట్టీలకి మాత్రం లెక్కకట్టి తీసుకుంది.
పెన్నీ తగ్గించదు ఆవిడ, ఎవరికీ.

రెగ్యులేటర్ సంగతి చెప్పాలి.
ఆ కొట్లోనే చేత్తో తూచి, నోట పెట్టుకు చూసి,
నంబరు కంఠతా పట్టి
ఇంటికెళ్లి ఫోన్లో కొన్నాను.
అరవై పౌండ్లు మిగిలాయి.
వాటితో ఏం చేశానో ఇప్పుడు గుర్తు లేదు.

ఏడాది తిరిగేసరికి దాన్ని విప్పి బాగుచేయాలి.
ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?
తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్లాను, దొంగసొత్తులా.
ఎక్కడ కొన్నావని అడగలేదు.
ఒక్కో రబ్బరు రింగుకీ ఆవగింజంత గ్రీజు రాసి
వెలుగులో తిప్పి చూసి
"మంచి సరుకే," అంది.
తిట్టి ఉంటే ఆ అరవైకి చెల్లయిపోయేది.

ఆవిడ నీళ్లలో దిగి తొమ్మిదేళ్లు, ఎడం చెవి పగిలినప్పట్నించి.
మేం తడితడిగా తెచ్చి పడేసిన వాటిలోనే
సముద్రాన్ని చదువుకుంటుంది.
జిప్పులో నల్లబురద:
"ఉత్తరం పాయలోకి వెళ్లారన్నమాట."
మోకాలి మీద గీత:
"ఆ మునిగిన ఓడ రేకు ఇంకా పదునుగానే ఉందే!"
ఒకసారి నా గ్లౌజు ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు ఊరుకుంది.

నవంబరులో, నేనూ రూరీ,
ఆటు మళ్లే వేళ తప్పు లెక్కేశాం.
ప్రవాహం మమ్మల్ని కొండకొమ్ముకి అవతల విసిరేసింది.
సిలిండర్లు వీపున, రెండు మైళ్లు,
గొర్రెల కంచెలు దాటుకుంటూ చీకట్లో నడిచాం.
దారిలో రూరీ ఒక్క జోకూ వేయలేదు.

కొట్టు మూసేది అయిదింటికి.
ఏడున్నరకి దీపం వెలుగుతోంది.
గుమ్మంలో ఆవిడ, చంకలో ఖాతా పుస్తకం,
చేతిలో ఫోను, తీరరక్షకుల నంబరు కొట్టి ఉంది,
నొక్కడమే తరువాయి.
"పద్నాలుగు వెళ్లాయి, పన్నెండొచ్చాయి,"
అంది, మా ముఖాలు చూడకుండా.
"ఆ మూల పెట్టండి. నేల తుడిచాను, బూట్లు బయటే."
పుస్తకంలో రెండు గీతలు గీసింది.
రెండో గీత కాస్త వంకరపోయింది.

వసంతంలో డ్రై సూటుకి కొలతలిచ్చాను.
బయటికంటే ఎనభై ఎక్కువ.
నీకు పిచ్చి పట్టిందన్నాడు రూరీ,
తరవాతి వారం తన కొలతలూ ఇచ్చాడు.

బిల్లు కింద పొట్లం ఒకటి తోసింది, రబ్బరు రింగులు, డజను.
"కొసరు," అంది.
నాకది నవంబరులోనే ముట్టిందని
చెబుదామని నోరు తెరిచాను.
"ముందా జిప్పుకి మైనం రాయడం నేర్చుకో," అంటూ
మెడ చుట్టూ టేపు ఇంకోసారి బిగించింది.