కొండి లేని తేలు

మా ముత్తాతకు పటాలంలో పేరు మారింది.
కొల్లాబత్తుల అంద్రెయ్య అని చెప్తే
గుమాస్తా తన చెవికి అందినంత రాసుకున్నాడు:
కోలా బట్టలు అందరయ్య.
పాత జాబితాల్లో ఆ పేరు పోల్చుకోడానికి
నాకు నాలుగేళ్ళు పట్టింది.
దొరికిన రోజు ముందు నవ్వొచ్చింది,
కంచరగాడిదలు తోలినవాడు
అందరికీ అయ్య అయ్యాడని.

నేను సర్వేయర్ని.
సెంటు భూమికి తలలు పగలగొట్టుకునే అన్నదమ్ముల మధ్య
గొలుసు లాగడం నా కొలువు.
ఎవరి గట్టు ఎక్కడో చెప్తాను.
ఆరడుగుల నేల ఒక్కటి,
మా ఇంటిది,
ఎక్కడుందో చెప్పలేకపోయాను.

బస్రాలో పోయాడనేవారు ఇంట్లో.
తాతమ్మ దీనమ్మకి బస్రా తెలీదు.
బడిపంతుల్ని అడిగితే
బాసర అని విన్నాడో ఏమో మహానుభావుడు,
"మన గోదారి ఒడ్డేనే, పైన, చాలా పైన" అన్నాట్ట.
అప్పట్నించి
ఏటా ఎర్రనీరు దిగిన పొద్దు
రేవులోకి మోకాలిదాకా దిగేది.
దోసిట్లో నీళ్ళు తేరేదాకా కదిలేది కాదు.
అడుగున మిగిలిన ఒండ్రుని
కుడిచేతికి రాసుకునేది,
అతను పట్టుకున్న చెయ్యి.
ఈ సంగతి చెప్పి
"పిచ్చిది మా అత్త" అనేది నాయనమ్మ,
అని ముక్కు చీదేది.

బస్రా సమాధుల పట్టీ తెప్పించాను. లేడు.
గోడ మీద చెక్కిన పేర్లు, వేలు,
కళ్ళు నీళ్ళు కారేదాకా చదివాను. లేడు.
మళ్ళీ పటాలం జాబితా తీస్తే
పేరు పక్కన, నేను తుడుపనుకున్న చోట,
రెండే మాటలు: జబ్బు. ఇంటికి.

ఇంటికా?
అయితే ఏడీ?

ఎనభయ్యారు వరదకి నానిన రిజిస్టర్లు
చర్చి అటక మీద
అప్పడాల కట్టల్లా అతుక్కుపోయి ఉన్నాయి.
పాస్టరుగారు బ్లేడుతో ఒక్కో కాగితం విడదీసి ఇచ్చారు.
పందొమ్మిదివందల పద్దెనిమిది, నవంబరు.
ఒక్క పేజీలో ముప్పై ఒక్క జొరం చావులు.
పదిహేడో వరస:

"పేరు తెలియదు. సిపాయి.
కాకినాడ పడవవారు జొరమునకు జడిసి
పాతలాకు వద్ద దింపిపోయిరి. మాట లేదు.
ఖాకీ కోటు, రెండు బొత్తాములు.
కుడిచేత తేలు పచ్చబొట్టు, కొండి లేదు.
మెడలోని సిలువనుబట్టి మనవాడని యెంచి
కాలువగట్టున పాతిపెట్టితిమి."

కొండి లేదు.
అది మా ఇంట్లో పిల్లల్ని నవ్వించే కథ.
పొడుస్తుంటే ఓర్చుకోలేక సగంలో లేచి పరిగెత్తాడని,
పచ్చబొట్ల ముసల్ది అర్ధణా ఇచ్చి పొమ్మంటూ
పేటంతా తరిమిందని.
సూదికి జడిసినోడు యుద్ధానికెలా పోయాడే అంటే
"సూది కంటే గంజి లేకపోవడం పెద్దది" అనేది నాయనమ్మ.
అక్కడ మేం నవ్వు ఆపేసేవాళ్ళం.

పాతలాకు మా పేటకి రెండు కోసులు.
నాట్లకీ కోతలకీ
దీనమ్మ నడిచింది ఆ గట్టు మీదే.
చద్దిమూట విప్పేది ఆ లాకు నీడలోనే.
నలభై ఏళ్ళు, ఏడాదికి రెండు పంటలు,
పోనూ రానూ...
కట్టబోయి ఆపేశాను.
అన్ని లెక్కలూ నా పని కాదు.

ఆదివారం ఒక్కదాన్నే గొలుసు పట్టుకెళ్ళాను.
పటంలో అది కాలువ పోరంబోకు.
గట్టు వెడల్పు చేసినప్పుడు యంత్రాలు
ఈ మట్టిని అటూ ఆ మట్టిని ఇటూ పోశాయట.
లాకు తూర్పు గోడ దగ్గర ఒక కొస పెట్టాను.
రెండో కొస చేతిలోనే ఉండిపోయింది.

"ఏం కొలుత్తన్నారండి, రోడ్డొత్తందా?"
బాతులు కాసే కుర్రాడు.
"లేదు, మావాడొకడు ఇక్కడున్నాడు" అన్నాను.
వాడు అటూ ఇటూ చూశాడు.
నా కాళ్ళ దగ్గర నేల చూశాడు.
ఏమీ అడక్కుండా
మూడొందల బాతుల్నీ
గట్టు దింపి, నీళ్ళ వారగా తోలుకెళ్ళాడు.